హన్మకొండలో పాత భవంతిల 12 మందికి ఆఫ్టర్‌నూన్ టీ: బోరు నీళ్లు, గట్టి స్కోన్లు, దొరకని క్రీం

వాకిలి_హన్మకొండ:
అందరికి నమస్తే. ఒక పాత భవంతి ముందరి హాల్లో 12 మందికి ఇంగ్లిష్ పద్ధతిల ఆఫ్టర్‌నూన్ టీ పెడుతున్నం. నవంబర్‌ల, ఆదివారం, సాయంత్రం 4 గంటలకు. పింగాణి కప్పులున్నయి, మూడంతస్తుల స్టాండ్లు నాలుగున్నయి, లీటరు పట్టే పింగాణి కెటిళ్లు రెండున్నయి. సోకుకు తక్కువ లేదు, భయమంతా చాయ్ మీద, తిండి మీదనే. వంటింట్ల 28 లీటర్ల ఓటీజీ (కరెంటు ఓవెన్) ఒకటి, రెండు పొయ్యిల గ్యాస్. వంటిల్లు వెనక ఉన్నది, హాల్లకు రావాలంటే వాకిలి దాటాలె. ముగ్గురు గుడ్డు ముట్టరు.

బోరు నీళ్లతోటి పాలు పోయని చాయ్ పెడితే మీద ఓ పొర తేలుతున్నది, రంగు కూడా మబ్బుగ వస్తున్నది. స్కోన్లు (క్రీం, జామ్ పెట్టుకొని తినే చిన్న మైదా రొట్టెలు) రాయిలెక్క అయితున్నయి. స్కోన్ల మీదికి క్లాటెడ్ క్రీం (సన్నసెగ మీద కాచి తీసే గట్టి మీగడ) ఇక్కడ ఏ షాపుల లేదు. స్టాండ్ మీద ఏది ఎక్కడ పెట్టాలె, ఏది ఎప్పుడు తేవాలె? తెలిసినోళ్లు కొలతలతోటి చెప్పండి.

చౌరస్తా_చాయ్‌పత్తి:
ముందు నీళ్ల సంగతి చూడుండ్రి. ఆ పొర చాయ్‌పత్తి తప్పు కాదు. బోరు నీళ్లల్ల ఉండే కాల్షియం, బైకార్బొనేటు చాయ్‌ల ఒగరు పదార్థాలతోటి కలిసి, మీద గాలి తగిలిన కాడ తెట్టె కడుతయి. రంగు మబ్బుగ ఉండేది కూడా అందుకే. రెండు చుక్కలు నిమ్మరసం పిండితే పొర కడుతలేదంటే నీళ్లదే దోషమని తేలినట్టు.

ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోస్తే పొర పోతది గని చాయ్ పల్చగ, చురుక్కుమన్నట్టు ఉంటది. టీడీఎస్ (నీళ్లల్ల కరిగి ఉన్న లవణాల లెక్క) 50 నుంచి 150 నడుమ ఉంటే మంచిగుంటది. చేతిల పట్టుకునే టీడీఎస్ మీటరు ఒకటి తెచ్చుకొని కొలువుండ్రి. బోరుది 600, ఆర్‌ఓది 30 అనుకుంటే, ఆర్‌ఓ ఏడు గ్లాసులకు బోరు ఒక గ్లాసు కలిపితే 100 చిల్లర వస్తది. మిషన్ భగీరథ నల్లా ఉంటే అదే తీసుకోవచ్చు, క్లోరిన్ వాసన పోయేదాకా మూత తీసి రెండు మూడు నిమిషాలు మసలనీయాలె. బోరు తప్ప ఇంకేం లేకుంటే ముందురోజు మరగబెట్టి చల్లార్చుండ్రి. అడుగున తెల్లగ సున్నం దిగుతది, పైనీళ్లు మెల్లగ వంచుకోండ్రి. పూర్తిగ పోదు, సగం నయం.

పత్తి రెండు రకాలు చాలు. పాలు పోసుకునేటోళ్లకు అస్సాం ఆర్థొడాక్స్ (గుండ్లు కాదు, ఆకు చాయ్‌పత్తి), పాలొద్దనేటోళ్లకు డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ (ఏడాదిల రెండో కోత ఆకు). ఇంట్ల రోజూ వాడే సీటీసీ గుండ్లు కెటిల్‌ల వెయ్యకుండ్రి. అవి పాలల్ల మరగబెట్టేటందుకు చేసినయి, రెండు నిమిషాలల్లనే ఉన్నదంతా దింపుతయి. మూడో కప్పు పోసేసరికి కషాయం.

లెక్క: కప్పుల పోసేది 150 మిల్లీలీటర్లు, మనిషికి రెండున్నర కప్పులు. 12 మందికి నాలుగున్నర లీటర్లు. లీటరు కెటిల్‌ల 900 మిల్లీలీటర్ల కన్న ఎక్కువ నింపద్దు, మోసుకొచ్చేటప్పుడు మూతిల నుంచి చిందుతది. అంటే అయిదు కెటిళ్లు. కెటిల్‌కు 12 గ్రాములు, మొత్తం 60 గ్రాములు. అస్సాం 50, డార్జిలింగ్ 50 గ్రాముల ప్యాకెట్లు తెస్తే మిగులుతది. చెంచాతోటి కొలువకుండ్రి. డార్జిలింగ్ ఆకు పొడుగ్గ, తేలికగ ఉంటది, చెంచా నిండ తీసినా గ్రామున్నర తూగదు. అస్సాం నలిగిన ఆకు అదే చెంచాల రెండు గ్రాములు దాటుతది. చిన్న కాంటా పెట్టుకోండ్రి.

అస్సాంకు బుడగలు గట్టిగ మసిలే నీళ్లు, నాలుగు నిమిషాలు. డార్జిలింగ్‌కు మసిలినంక పొయ్యి బంద్ చేసి ఒక నిమిషం ఆగి పోసుడు, మూడు నిమిషాలు. ఇగ అసలు కిటుకు: పింగాణి కెటిల్‌ల పత్తి నానబెట్టకుండ్రి. వంటింట్లనే మూత ఉన్న స్టీలు గిన్నెల నానబెట్టి, టైము కాంగనే కెటిల్‌లకు వడపోసి పంపుండ్రి. పత్తి కెటిల్‌ల ఉంటే మీరు వాకిలి దాటి, కూసోబెట్టి, మర్యాద చేసి, కప్పులల్ల పోసేసరికి ఎనిమిది నిమిషాలయితది, ఒగరెక్కుతది. గిట్ల చేస్తే రెండు కెటిళ్లల్ల రెండు రకాలు ఒకటేసారి పంపొచ్చు కూడా.

పోసే ముందు కెటిల్‌ను వేడినీళ్లతోటి నింపి రెండు నిమిషాలు ఉంచి పారబొయ్యాలె. చల్లటి పింగాణి పది డిగ్రీల దాకా వేడి గుంజుకుంటది. నవంబర్ సాయంత్రం గాలికి వాకిలి దాటేలోపల ఇంకింత పోతది, అందుకే మందపాటి తువ్వాల చుట్టి తెండ్రి. పక్కన ఉత్త వేడినీళ్లది ఒక ఫ్లాస్కు, చిక్కగ వద్దనేటోళ్లు కలుపుకుంటరు.

పాలు: బర్రెపాలు వద్దే వద్దు, చాయ్ మీద నెయ్యి చుక్కలు తేలుతయి. టోన్డ్ పాల ప్యాకెట్ అర లీటరు కాచి, చల్లారినంక మీగడ లేకుండ వడపోసి చిన్న జగ్గుల పెట్టుండ్రి. కప్పుకు 20 నుంచి 25 మిల్లీలీటర్లు చాలు. నిమ్మ చెక్కలు వేరే గిన్నెల, పాల జగ్గుకు దూరంగ పెట్టుండ్రి, రెండూ ఒకే కప్పుల పడితే విరుగుతది.

మైదా_మేడం:
స్కోన్లు గట్టిపడటానికి కారణాలు మూడు నాలుగే. పిండిని చపాతీ పిండిలా పిసకడం, పలచగా ఒత్తడం, ఓటీజీ చూపించే వేడి నిజం కాకపోవడం, బేకింగ్ పౌడర్ పాతబడటం. ఆఖరిది ముందే చూసుకోండి. పావు కప్పు వేడినీళ్లలో అర చెంచా వేస్తే బుస్సున పొంగాలి. నింపాదిగా నాలుగు బుడగలొస్తే కొత్త డబ్బా కొనాల్సిందే.

12 మందికి చిన్నవి 24. మొత్తానికి మైదా 750 గ్రాములు, బేకింగ్ పౌడర్ 36 గ్రాములు (టీ స్పూన్‌తో తలగొట్టి 9), చల్లటి వెన్న 180, పంచదార 75, చల్లటి పాలు 400 నుంచి 430 మిల్లీలీటర్లు, పాలల్లో ఒక స్పూన్ నిమ్మరసం. మన దగ్గర దొరికే టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు వేయొద్దు. గుడ్డు అక్కర్లేదు.

ఇదంతా ఒకేసారి కలపకండి, మీ ఓటీజీ ట్రేలో 12 కంటే పట్టవు. పాలు తగలగానే బేకింగ్ పౌడర్ పని మొదలుపెడుతుంది. రెండో వాయి పిండి పావుగంట కాచుకుని కూర్చుంటే సగం బలం అక్కడే అయిపోతుంది. కాబట్టి పొడిపిండిలో వెన్న నలిపి రెండు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి, ఇది పొద్దున్నే చేసుకోవచ్చు. పాలు మాత్రం ఏ వాయికి ఆ వాయి, కాల్చేముందే.

వెన్నను వేలికొసలతో నలపాలి, అరచేయి తగలకూడదు. బొంబాయి రవ్వలా పొడిపొడిగా ఉండాలి. ముద్దగా, జిడ్డుగా అయిందంటే వెన్న కరిగినట్టు, వెంటనే గిన్నెతో సహా ఫ్రీజర్‌లో పది నిమిషాలు పెట్టండి. పాలు పోశాక కత్తితో కలిపి, గరుకుగా ముద్దకాగానే పీట మీద బోర్లించి మూడు నాలుగు మడతలు వేస్తే చాలు. పైన పగుళ్లు కనిపిస్తున్నా వదిలేయండి. కర్ర వద్దు, చేత్తోనే రెండున్నర సెంటీమీటర్ల మందం వత్తండి. అయిదు సెంటీమీటర్ల కట్టర్ మైదాలో ముంచి నిటారుగా దించి నిటారుగా ఎత్తాలి. తిప్పితే అంచులు అతుక్కుపోయి ఒక పక్కకు ఒరిగి పొంగుతాయి. పైన పాలు రాసేటప్పుడు పక్కలకు కారనివ్వొద్దు, కారిన చోట పైకి లేవదు.

ఓటీజీ 220 డిగ్రీలు, పైనా కిందా రెండు రాడ్లూ, 20 నిమిషాలు ముందే వేడి చేయాలి. లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొనండి, మీటమీద 220 అని ఉన్నా లోపల 180 ఉండే ఓటీజీలు బోలెడు. తక్కువ వేడిలో వెన్న కారిపోతుంది గానీ పొంగు రాదు, అదే మీరంటున్న రాయి. 12 నుంచి 14 నిమిషాలు. దింపగానే గుడ్డ పరిచిన బుట్టలో వేసి కప్పండి.

బర్రెపాల_క్యాను:
క్లాటెడ్ క్రీం గురించి ఎవరన్న చెప్తరేమో అని చూసిన, ఎవ్వలు చెప్తలేరు. మన బర్రెపాలు ఉండంగ దానికోసం హైదరాబాద్ ఉరుకుడెందుకు?

అది ఇంగ్లండ్‌ల డెవన్, కార్న్‌వాల్ దిక్కు సరుకు. కార్నిష్ క్లాటెడ్ క్రీం అని పేరు పెట్టాలంటే వెన్నశాతం 55 కన్న తక్కువ ఉండొద్దని రూలు. బర్రెపాలల్ల ఆరేడు శాతం ఉంటది. రెండు లీటర్లు కాస్తే అందులున్నది 140 గ్రాముల లోపే, అది కూడా అంతా పైకి రాదు. మనిషికి 40 గ్రాముల చొప్పున మీకు అర కిలో కావాలె. మీగడ తీసి అర కిలో చెయ్యాలంటే ఎనిమిది పది లీటర్ల పాలు కాయాలె, అంత పెద్ద వెడల్పు గిన్నెలు మీ రెండు పొయ్యిల మీద పట్టయి. మిషన్ల వెన్న తీసే పాలడైరీకి పోయి పచ్చి క్రీం లీటరు అడుగుండ్రి, 35–40 శాతం ఉన్నది. డబ్బల అమ్మే 25 శాతం ఫ్రెష్ క్రీం పనికిరాదు. బాగ వేడి చేసి, చిక్కదనానికి మందు కలిపి ప్యాక్ చేస్తరు, ఎంతసేపు పెట్టినా గట్టిపొర కట్టదు.

ఆ లీటరును రెండు అంగుళాల లోతుండే వెడల్పు స్టీలు గిన్నెల పొయ్యుండ్రి. ఇంకో పెద్ద గిన్నెల నీళ్లు పోసి దాంట్ల కూసోబెట్టి, సన్నటి సెగ మీద క్రీం వేడి 80–85 డిగ్రీల కాడ ఆపాలె. పొంగొద్దు, మసలొద్దు, గంటెతోటి కలపొద్దు. అయిదారు గంటలల్ల మీద పసుపుపచ్చ పొర ముడతలు పడుతది. ఇంగ్లండోళ్లు ఓవెన్ల పది పన్నెండు గంటలు పెడుతరు, మన బర్రె క్రీంకు అంత అక్కరలేదు. దించినంక గిన్నె కదపకుండ చల్లారనిచ్చి రాత్రంత ఫ్రిజ్‌ల. తెల్లారి చిల్లుల గంటెతోటి పైది ఎత్తుండ్రి, కింద పల్చటి పాలు మిగులుతయి. అవి స్కోన్ల పిండిల పోసుకోండ్రి, ఇంకా మెత్తగ వస్తయి. శనివారం పొద్దుగాల మొదలు పెడితే ఆదివారానికి అందుతది. ప్యాకెట్ పాలతోటి చేద్దామనుకునేరు, చాలా వరకు హోమోజినైజ్ చేసినయే ఉంటయి, వెన్న ఇంత సన్నగ చీలిపోయి మీదికి రాదు.

జామ్‌కు స్ట్రాబెర్రీ అని దేవులాడకుండ్రి. నవంబర్‌ల జామపండ్లు మస్తు, మంచిగ గట్టిపడే గుణం వాటికే ఉన్నది. కిలో గుజ్జుకు 750 గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయలు. చల్లటి ప్లేటు మీద చుక్క వేసి వేలుతోటి నెడితే ముడత పడాలె, అప్పుడు దించుడు. సీతాఫలం కూడా అప్పుడే వస్తది గని దాన్ని పొయ్యి మీద పెట్టకుండ్రి, చేదెక్కుతది. పచ్చి గుజ్జు క్రీంల కలిపి చిన్న గిన్నెలల్ల పై అంతస్తుకు పంపుండ్రి, మిఠాయి తిప్పలు తప్పుతయి.

క్రీం ముందా జామ్ ముందా అంటే డెవనోళ్లు క్రీం ముందు, కార్న్‌వాలోళ్లు జామ్ ముందు. స్కోన్ వేడిగుంటే జామ్ ముందే నయం, క్రీం ముందు పెడితే కరిగి వేళ్లకు కారుతది.

ట్రే_కెప్టెన్:
చాయ్ నానబెట్టేది వంటింట్లోనే అన్న మాటకు నా ఓటు. సర్వీసు వైపు నుంచి కొన్ని చెప్తాను.

కింది అంతస్తులో శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు, పైన తీపి. తినేది కింది నుంచి పైకి. కానీ మీరు మధ్య ప్లేటు ఖాళీగా ఉంచి స్టాండ్ తీసుకురండి. మొదట్లోనే స్కోన్లు పెడితే శాండ్‌విచ్‌లు అయ్యేలోపు చల్లారిపోతాయి. శాండ్‌విచ్‌లు సగం అయ్యాక, దాదాపు 20 నిమిషాలకు, బుట్టలో వేడివేడిగా తెచ్చి మధ్య ప్లేట్లలో వడ్డించండి. అంటే 4 గంటలకు చాయ్, 4.05కు మొదటి వాయి ఓవెన్‌లోకి, 4.20కి టేబుల్ మీదికి. రెండో వాయి 4.40కి. స్టాండ్ ముగ్గురికి ఒకటి చొప్పున మీ నాలుగూ సరిపోతాయి.

శాండ్‌విచ్‌లు మనిషికి నాలుగు పుల్లలు (సన్నగా, పొడుగ్గా కోసిన ముక్కలు). రెండు స్లైసులకు మూడు పుల్లలొస్తాయి, కాబట్టి 32 స్లైసులు, వెన్న 160 గ్రాములు. రొట్టె ముందురోజుది కొనండి, తాజాదైతే కత్తికి అంటుకుని నలుగుతుంది. సగం కీరవి. కీర చెక్కు తీసి రెండు మిల్లీమీటర్ల చక్రాలు కోసి, కొంచెం ఉప్పు చల్లి 20 నిమిషాలు జల్లెడలో వదిలి, ఆపైన గుడ్డలో అద్ది తడి పూర్తిగా తీయండి. వెన్న స్లైసు అంచు దాకా పూయాలి, మూలలు వదలొద్దు. రొట్టెలోకి నీరు దిగకుండా ఆపేది ఆ పూతే. వెన్న రాయని మూల అరగంటలో బూడిదరంగుకు తిరిగి మెత్తబడటం చూస్తే అర్థమవుతుంది. అంచులు కోసేది ముందు కాదు, లోపల పెట్టి, మూసి, చేత్తో తేలిగ్గా అదిమాక. కత్తి ఒక్కో కోతకు తుడవాలి. మిగతా సగానికి 200 గ్రాముల పనీరు, వెన్నలో నూరిన చపాట మిర్చి బాగుంటుంది. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చే, కారం తక్కువ, రంగు ఎక్కువ. గింజలు తీసి నానబెట్టినవి మూడు చాలు. రెండున్నరకు చేసి తడి గుడ్డ కప్పి ఉంచండి. ఫ్యాను కింద ఉంచితే పావుగంటలో అంచులు పైకి లేస్తాయి.

పరిమాణం చూసి చిన్నబోకండి. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మరియా ఈ పద్ధతి మొదలుపెట్టిందంటారు. అప్పట్లో ఆ ఇళ్లలో రాత్రి భోజనం ఎనిమిదింటికి, మధ్యాహ్నానికీ దానికీ మధ్య ఆకలి తీరడానికే ఇది. మన ఇళ్లల్లోనూ రాత్రి తినేది ఎనిమిదిన్నర తర్వాతే కాబట్టి లెక్క సరిగ్గా కుదురుతుంది. మన హోటళ్లు దీన్నే హై టీ అని అమ్ముతాయి.

కూర్చునే ఏర్పాటు చూసుకోండి. భోజనాల బల్ల ఎత్తులో ఉంటే సాసర్ బల్లమీదే, కప్పు మాత్రమే ఎత్తాలి. సోఫా ముందు పొట్టి బల్ల అయితే సాసర్‌తో సహా ఎత్తి ఒళ్లో పట్టుకోవాలి, కాబట్టి ప్లేటు పెట్టుకోవడానికి పక్కన చిన్న బల్ల లేకపోతే జనం అవస్థ పడతారు. చిటికెన వేలు చాపడం మర్యాద కాదు, వేషం. స్కోన్ కత్తితో కోయరు, నడుం దగ్గర చేత్తో విడదీస్తారు. లండన్ రిట్జ్ పామ్ కోర్టులో మగవాళ్లకు కోటు, టై తప్పనిసరి, మీరు అంతదూరం వెళ్లనక్కర్లేదు. ఆ వాతావరణం ఎలా ఉంటుందో ముందుగా చూడాలంటే ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జేడ్ రూం ఉంది, ముందే బుక్ చేసుకోవాలి, నేరుగా గేటు దగ్గరికి వెళితే లోపలికి పంపరు.

వాకిలి_హన్మకొండ:
అందరికి మస్తు థాంక్స్. ఇంకో మూడు. స్టాండ్ కింది ప్లేట్ల సకినాలు పెట్టొచ్చా? పెంబర్తి ఇత్తడి పళ్లెం, కరీంనగర్ వెండి తీగపని పళ్లెం ఇంట్ల ఉన్నయి, వాడొచ్చా? కాలుస్తున్నప్పుడు కరెంటు పోతే ఏం చెయ్యాలె?

ట్రే_కెప్టెన్:
సకినాలు శాండ్‌విచ్‌ల పక్కన వద్దు. నూనె రొట్టెకు ఎక్కుతుంది, వాము వాసనకు కీర రుచి ఎగిరిపోతుంది. తీపి అయ్యాక చివరి కప్పు అస్సాంతో విడి ప్లేటులో తేండి, అక్కడైతే అతికినట్టుంటాయి. ఇత్తడి పళ్లెంలో జామ్, నిమ్మ నేరుగా తగలొద్దు, లోపల కళాయి పూత ఉంటే తప్ప. పైన పింగాణి ప్లేటు పెట్టి వాడండి. తీగపని పళ్లెం సందుల్లో స్కోన్ పొడి ఇరుక్కుంటే తీయలేరు, రాపిడికి తీగలు వంగుతాయి. చెంచాలో, పూలో పెట్టుకోండి.

చౌరస్తా_చాయ్‌పత్తి:
సకినాలతోటి అస్సాం అన్నరు, నాకైతే ఇరానీ చాయే. కానీ ఆ పూట అది పెడితే కెటిళ్లను ఎవ్వలు చూడరు, అందుకే నోరు మూసుకుంటున్న.

మైదా_మేడం:
కరెంటు గురించి. శనివారమే స్కోన్లు కోసి, పచ్చివే ట్రేలో ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి సంచిలో వేసుకోండి. కరిగించకుండా అలాగే ఓవెన్‌లోకి, ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ. కరెంటు వచ్చేదాకా ఫ్రీజర్‌లోనే ఉంటాయి కాబట్టి పిండి చెడదు.

అసలే రాకపోతే మందపాటి కడాయి అడుగున స్టాండ్ పెట్టి, బిగువైన మూతతో పెద్ద మంట మీద 15 నిమిషాలు వేడిచేసి, ప్లేటులో ఆరేసి చొప్పున పెట్టి మధ్యస్థం మంటపై 18 నుంచి 20 నిమిషాలు. మూత మధ్యలో తీయొద్దు. పైభాగం తెల్లగానే ఉంటుంది, దింపాక వేడి పెనం మీద బోర్లించి ఒక్క నిమిషం ఉంచితే ఎర్రబడుతుంది. మూతకు లోపలివైపు గుడ్డ కట్టండి, లేకపోతే ఆవిరి చుక్కలు పైన పడి మచ్చలవుతాయి. గుడ్డ చివర్లు పైకి మడిచి ముడి వేయాలి, కిందికి వేలాడితే మంట అంటుకుంటుంది.